‘సర్వర్ డౌన్’ బోర్డు వెనక ఏం జరుగుతుంది? పాత యూనిక్స్ మిషన్లు, మన ఖాతాలో డబ్బులు

మార్టూరు: కిందటి మిర్చి సీజన్‌లో మా అబ్బాజాన్ గుంటూరు యార్డులో కాయలు అమ్మి వచ్చారు. డబ్బు ఖాతాలో పడింది. మర్నాడు కోత కూలీలకు ఇవ్వాలని బ్యాంకుకు వెళితే అద్దం మీద కాగితం అంటించి ఉంది: ‘సర్వర్ డౌన్’. మధ్యాహ్నం దాకా లైన్లో నిలబడి తిరిగొచ్చారు. కూలీలకు ఆ రోజు మామూ దగ్గర చేబదులు తీసుకుని ఇచ్చాం. రాత్రి అన్నం దగ్గర ఆయన నన్ను అడిగారు: “బేటా, నువ్వు బీకాం చదివావు కదా. ఆ సర్వర్‌కు ఏమైందో చెప్పు. పాతదైతే కొత్తది కొనొచ్చు కదా?”

నా దగ్గర జవాబు లేదు. హైదరాబాద్‌లో యూనిక్స్ అడ్మిన్‌గా పనిచేసే మా ఖాలా కొడుకు ఉన్నాడు. అతన్ని కూర్చోబెట్టి అడిగాను, తర్వాత నేనూ చదివాను. తేలింది ఒక్కటే. పాత మిషన్‌కు కొత్త ప్రాసెసర్ వేయడం బైకుకు కొత్త టైరు వేసినట్టు కాదు. తొందరపడితే లైన్లో పోయే పూట కాదు, లెక్కలే పోతాయి. అలాగని ఆలస్యం చేసినా ముప్పే. ఈ రెండింటి మధ్య మన డబ్బు ఉంది కాబట్టి ఇంటిల్లిపాదీ దీని గురించి కాస్త తెలుసుకోవాలి.

ముందు ఒక మాట: ‘డౌన్’ అంటే ఏది డౌన్?

మనం డబ్బు తీసుకునే బ్రాంచిలో అసలు సర్వర్ ఉండదు. అక్కడ ఉండేవి కౌంటర్ కంప్యూటర్లు, బయటికి వెళ్లే లైను. అసలు ఖాతాలన్నీ ఎక్కడో పెద్ద నగరంలోని డేటా సెంటర్‌లో ఉంటాయి. కాబట్టి మన బ్రాంచిలో మాత్రమే పని ఆగి, అదే బ్యాంకు ఏటీఎం పక్క ఊళ్లో పనిచేస్తుంటే చాలాసార్లు తప్పు లైనుది, లేదా కరెంటుది. అన్ని ఊళ్లలో, ఏటీఎంలో, ఫోన్‌లో ఒకేసారి ఆగితే సమస్య డేటా సెంటర్‌లో ఉన్నట్టు. రెంటికీ కౌంటర్ దగ్గర వినిపించేది ఒకే మాట, ‘సర్వర్ డౌన్’.

యూనిక్స్ బ్యాంకుల్లోకి ఎలా వచ్చింది?

యూనిక్స్ అనేది మన ఫోన్‌లో ఆండ్రాయిడ్ లాంటిదే, మిషన్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టారు. ఒకే మిషన్ మీద వందల మంది ఒకేసారి పనిచేసుకోవచ్చు, ఒకరి పని ఇంకొకరికి అడ్డం రాదు. బ్యాంకుకు కావాల్సింది అదే.

మన దేశంలో 1984లో రిజర్వు బ్యాంకుకు సి. రంగరాజన్ కమిటీ ఇచ్చిన నివేదికతో బ్యాంకుల్లో కంప్యూటర్ల ప్రయాణం ఊపందుకుంది. బ్యాంకింగ్ రంగం యూనిక్స్‌ను ప్రమాణంగా తీసుకుంది. ఆ రంగరాజన్ గారే తర్వాత 1997 నుంచి 2003 దాకా మన ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా ఉన్నారు. 2000 తర్వాత కోర్ బ్యాంకింగ్ వచ్చింది. బ్రాంచిల్లోని లెడ్జర్లన్నీ ఒకే చోటికి చేరాయి. ఆ ఒక్క చోట పెట్టడానికి బీరువాలంత పెద్ద యూనిక్స్ సర్వర్లు కావాల్సి వచ్చాయి. హెచ్‌పీ కంపెనీ హెచ్‌పీ-యూఎక్స్, సన్ కంపెనీ సోలారిస్, ఐబీఎం కంపెనీ ఏఐఎక్స్ ఆ కాలం పేర్లు. 2000లో హెచ్‌పీ తెచ్చిన సూపర్‌డోమ్ అనే మిషన్‌లో 64 ప్రాసెసర్ల దాకా పెట్టుకోవచ్చు.

ఇన్ని ప్రాసెసర్లు ఎందుకంటారా? ఒక్క ఉదాహరణ చాలు. 2010 ఏప్రిల్ 1కి ముందు సేవింగ్స్ ఖాతాకు వడ్డీ లెక్క సులువు. నెలలో 10వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న కనీస నిల్వ మీద కట్టేవారు. ఆ రోజు నుంచి రిజర్వు బ్యాంకు నియమం మారింది, ప్రతి రోజూ ఉన్న నిల్వ మీద వడ్డీ కట్టాలి. మనకు అది లాభం. మిషన్‌కు మాత్రం ఖాతాకు నెలకు ఒక లెక్క బదులు 30 లెక్కలు. కోట్ల ఖాతాలున్న బ్యాంకుకు ఎంత పని పెరిగిందో చూడండి.

గ్రానైట్ ఫ్యాక్టరీలో చూస్తే అర్థమవుతుంది

మిషన్ నెమ్మదించినప్పుడు ‘ప్రాసెసర్ పెంచండి’ అనడం తేలిక. కానీ అడ్మిన్ ముందు చూసేది అసలు ఎక్కడ ఆగిందని. మన మార్టూరు చుట్టూ ఉన్న గ్రానైట్ ఫ్యాక్టరీనే తీసుకోండి. రాయి కోసే మిషన్లు ప్రాసెసర్లు అనుకుందాం. బ్లాకులు తెచ్చిపెట్టే క్రేను డిస్కు అనుకుందాం. స్లాబులు ఆలస్యం కావడానికి మూడు కారణాలు ఉంటాయి.

ఒకటి, కోత మిషన్లన్నీ ఆగకుండా నడుస్తున్నాయి, అయినా బయట బ్లాకులు పేరుకున్నాయి. ఇది నిజంగా ప్రాసెసర్ల కొరత. మిషన్లు పెంచితే ఫలితం ఉంటుంది.

రెండు, కోత మిషన్లు ఖాళీగా ఉన్నాయి, క్రేను రావడం లేదు. ఇక్కడ ఇంకో పది మిషన్లు కొన్నా పది కూడా ఖాళీగానే నిలబడతాయి. బాగుచేయాల్సింది క్రేనును, అంటే డిస్కును.

మూడు, ఒక మిషన్ మీద పెద్ద బ్లాకు ఎక్కింది, మిగతావి ఊరికే ఉన్నాయి. ఆ ఒక్క బ్లాకును నాలుగు మిషన్లు పంచుకోలేవు. పాత ప్రోగ్రాములు చాలావరకు ఇలాంటివే. ఒక్క ప్రాసెసర్ మీదే నడిచేలా రాసినవి. 32 ప్రాసెసర్లు ఉన్నా 31 చూస్తూ కూర్చుంటాయి. ఇక్కడ కావాల్సింది ఎక్కువ ప్రాసెసర్లు కాదు, వేగమైన ప్రాసెసర్, లేదా పనిని ముక్కలు చేసేలా ప్రోగ్రామును తిరగరాయడం.

ఈ మూడింటిలో ఏదో తెలుసుకోవడానికి యూనిక్స్‌లోనే చిన్న ఆదేశాలు ఉన్నాయి. ‘అప్‌టైమ్’ అని కొడితే చివర మూడు అంకెలు వస్తాయి. గత 1, 5, 15 నిమిషాల్లో సగటున ఎన్ని పనులు ప్రాసెసర్ మీద ఉన్నాయో, దాని కోసం ఎదురు చూస్తున్నాయో అవి చెబుతాయి. 8 ప్రాసెసర్ల మిషన్‌లో ఆ అంకె 8 దగ్గర ఉంటే నిండుగా నడుస్తోందని. 20 ఉంటే 12 పనులు లైన్లో నిలబడ్డాయని. మొదటి అంకె పెద్దది, మూడోది చిన్నది అయితే రద్దీ ఇప్పుడే మొదలైంది. తిరగబడి ఉంటే తగ్గుతోంది. ‘సార్’, ‘వీఎంస్టాట్’ లాంటి ఆదేశాలు ప్రాసెసర్ సమయం ఎటు పోతోందో విడదీసి చూపిస్తాయి. ఇంత శాతం ప్రోగ్రాములకు, ఇంత శాతం మిషన్ సొంత పనులకు, ఇంత శాతం ఖాళీ అని. సోలారిస్‌లో ‘ఎంపీస్టాట్’ అయితే ఒక్కో ప్రాసెసర్‌కు ఒక్కో వరుస చూపిస్తుంది. మూడో రకం జబ్బు అక్కడే బయటపడుతుంది.

కొనకుండానే కొంత నెట్టుకురావచ్చు

పాత మిషన్‌తో పనిచేసేవాళ్లకు కొత్తది కొనే ముందు చేయాల్సినవి చాలా ఉన్నాయి. మొదటిది వంతులు మార్చడం. వడ్డీ లెక్కలు, రిపోర్టులు లాంటి బరువైన పనులు రాత్రికి తోస్తారు. పగలే నడవాల్సి వస్తే ‘నైస్’ అనే ఆదేశంతో వాటి ప్రాధాన్యం తగ్గిస్తారు. పేరుకు తగ్గట్టే ఆ అంకె ఎంత పెద్దదైతే ఆ ప్రోగ్రాము అంత మర్యాదస్తుడు, పక్కవాళ్లకు దారి ఇస్తాడు. కౌంటర్ పని ముందుకు పోతుంది.

రెండోది ప్రాసెసర్లను పంచడం. సోలారిస్‌లో ‘పీఎస్‌ఆర్‌సెట్’ తో నాలుగు ప్రాసెసర్లను డేటాబేస్‌కు, రెండింటిని రిపోర్టులకు అని విడగొట్టవచ్చు. ఒక ప్రాసెసర్ తప్పులు చూపిస్తోందనుకోండి, ‘పీఎస్‌ఆర్‌ఇన్ఫో’ తో ఏది ఏ స్థితిలో ఉందో చూసి, ‘పీఎస్‌ఆర్‌ఏడీఎం’ తో దాన్ని పక్కన పెట్టవచ్చు. మిషన్ ఆపక్కర్లేదు. కనీసం ఒక్క ప్రాసెసర్ మాత్రం పనిలో ఉండాలి. దాన్నీ తీసేయమంటే సిస్టం ఒప్పుకోదు. అందుకే ఒక ప్రాసెసర్ పాడైన రోజు మనకు బోర్డు కనబడకపోవచ్చు, పని కాస్త నెమ్మదిస్తుంది అంతే.

మూడోది ఖర్చు. పెద్ద డేటాబేస్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు ప్రాసెసర్ కోర్ల లెక్కన కడతారు. ప్రాసెసర్ పెంచితే మిషన్ ఖర్చు కన్నా లైసెన్సు ఖర్చు ఎక్కువయ్యే సందర్భాలు ఉన్నాయి. కామర్స్ చదివిన నాకు ఇది బాగా అర్థమైంది. అసలు కన్నా కొసరు బరువు.

మరి మార్చక తప్పదా?

తప్పదు. హెచ్‌పీ-యూఎక్స్ కథ చూడండి. అది మొదట పీఏ-రిస్క్ అనే హెచ్‌పీ సొంత చిప్ మీద నడిచేది. ఆ సర్వర్ల అమ్మకం 2008 చివర్లో ఆగింది. దాని స్థానంలో ఇంటెల్‌తో కలిసి చేసిన ఐటానియం వచ్చింది. 2011 మార్చిలో ఒరాకిల్ కంపెనీ ఐటానియంకు కొత్త సాఫ్ట్‌వేర్ ఇవ్వబోమని ప్రకటించింది. హెచ్‌పీ కోర్టుకు వెళ్లి 2012లో గెలిచింది. 2016లో జ్యూరీ 300 కోట్ల డాలర్ల పరిహారం చెప్పింది. కోర్టులో గెలిచినా చిప్ బతకలేదు. ఇంటెల్ చివరి ఐటానియం 2021 జులైలో పంపింది. హెచ్‌పీ-యూఎక్స్‌కు మామూలు సపోర్టు గడువుగా 2025 డిసెంబరు 31ని ప్రకటించారు.

సపోర్టు పోయిన మిషన్ మర్నాడే ఆగిపోదు. నడుస్తూనే ఉంటుంది. కానీ భద్రతా లోపం బయటపడితే మందు రాదు. విడిభాగం పోతే పాత సామాను మార్కెట్‌లో వెతకాలి. దాన్ని ఎరిగిన మనుషులు రిటైర్ అవుతారు.

ఇంకో తేదీ కూడా గుర్తుంచుకోండి. యూనిక్స్ కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకండ్లలో లెక్కపెడుతుంది. పాత 32 బిట్ల ప్రోగ్రాముల్లో ఆ లెక్క 214,74,83,647 దగ్గర నిండిపోతుంది. మన గడియారంలో అది 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకండ్లు. తర్వాతి సెకండుకు తేదీ 1901 డిసెంబరుకు పోతుంది. 64 బిట్లకు మారిన సిస్టంలకు ఈ బెడద లేదు. ‘ఇంకా చాలా ఏళ్లుంది’ అనుకోకండి. 2019లో 20 ఏళ్లకు తీసుకున్న ఇంటి లోను చివరి కిస్తు 2039లో ఉంటుంది. అంటే ఆ తేదీ ఇప్పటికే ఎవరి ఖాతాలోనో కూర్చుని ఉంది.

మార్చేటప్పుడు అసలు గండం ఎక్కడ?

ఒక చిప్‌కు తయారుచేసిన ప్రోగ్రాము ఇంకో రకం చిప్ మీద అలాగే నడవదు. దాన్ని మళ్లీ తయారుచేయాలి. డేటా కూడా ఊరికే కాపీ కాదు. మన సైటు చదివేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదువుతాం, తెలుగు ఎడమ నుంచి కుడికి. అలాగే సోలారిస్ నడిచిన స్పార్క్ చిప్‌లు, హెచ్‌పీ-యూఎక్స్ సర్వర్లు ఒక అంకెలోని పెద్ద భాగాన్ని ముందు రాస్తాయి. ఇప్పటి మామూలు ఇంటెల్ సర్వర్లు చిన్న భాగాన్ని ముందు రాస్తాయి. మార్పిడి చేయకుండా చదివితే నాలుగు బైట్లలో రాసిన 1 అనే అంకె 1,67,77,216 అవుతుంది. ఒక రూపాయి కోటీ అరవై ఏడు లక్షలు. అందుకే ప్రతి అంకెనూ మార్చి, మార్చాక సరిచూడాలి.

పద్ధతిగా చేసేవాళ్లు ఇలా చేస్తారు. మొదట బ్యాకప్ తీస్తారు, తీయడమే కాదు, దాన్ని వేరే మిషన్ మీద తిరిగి ఎక్కించి చూస్తారు. ఎక్కని బ్యాకప్ ఉన్నా లేనట్టే. పాత సిస్టంను చెరపరు. సోలారిస్‌లో ‘లైవ్ అప్‌గ్రేడ్’ అనే పద్ధతి ఉంది. పాతది నడుస్తుండగానే పక్కన ఇంకో ప్రతిని తయారుచేసి, దానికి కొత్త వెర్షన్ వేసి, రీబూట్‌లో అందులోకి మారతారు. తేడా వస్తే ఇంకో రీబూట్‌తో పాతదానికి వచ్చేస్తారు. హెచ్‌పీ-యూఎక్స్‌లో రికవరీ టేపు, ఏఐఎక్స్‌లో ‘ఎంకేసిస్‌బీ’ ఇలాంటి భరోసాకే.

తర్వాత రిహార్సల్స్. ఆ తర్వాత ట్రయల్ బ్యాలెన్సు. పాత సిస్టంలో మొత్తం జమ, మొత్తం బాకీ ఎంతో, కొత్తదాంట్లోనూ పైసాతో సహా అంతే రావాలి. రాకపోతే ఎన్ని గంటలకు వెనక్కి వెళ్లాలో ముందే కాగితం మీద రాసుకుంటారు. ఉదాహరణకు ఆదివారం ఉదయం 4 గంటలకు కుదరకపోతే పాతదే మొదలుపెట్టాలి, ఎవరి మాటా వినకూడదు. శనివారం అర్ధరాత్రి మన ఫోన్లకు వచ్చే ‘సేవలు తాత్కాలికంగా ఉండవు’ అన్న మెసేజీ వెనక చాలాసార్లు ఉండేది ఇలాంటి పనే.

ఇది సరిగ్గా జరగకపోతే ఏమవుతుందో బ్రిటన్‌లో చూశారు. టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఒక వారాంతంలో 50 లక్షల మందికి పైగా ఖాతాదారులను కొత్త సిస్టంలోకి మార్చింది. సోమవారానికి లక్షల మంది తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. కొందరికి వేరేవాళ్ల ఖాతాలు కనబడ్డాయి. 2022 డిసెంబరులో అక్కడి నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి.

మన ఆంధ్రా బ్యాంకు సంగతి

ఇంత పెద్ద మార్పును మన జిల్లాల జనం కూడా దాటి వచ్చారు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, కార్పొరేషన్ బ్యాంకుతో పాటు. ఈ మూడింటినీ కలపడానికి చెప్పిన కారణాల్లో ఒకటి మూడూ ‘ఫినాకిల్’ అనే ఒకే కోర్ సాఫ్ట్‌వేర్ వాడుతుండడం. అంటే మూడు బ్యాంకుల ఖాతా పుస్తకాలు ఒకే తీరులో రాసి ఉన్నాయన్నమాట. అనువాదం బరువు తగ్గింది. అయినా ఖాతాదారుడికి పని తప్పలేదు. 2021 ఏప్రిల్ 1 నుంచి పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్లు చెల్లకుండా పోయాయి. పాత కోడు ఎక్కడెక్కడ ఇచ్చామో వెతికి మార్చుకోవాల్సి వచ్చింది.

మనం ఏం చేయాలి?

సర్వర్ మన చేతిలో లేదు, ఈ జాగ్రత్తలు మన చేతిలో ఉన్నాయి.

ఒకటి, చివరి రోజు పెట్టుకోకండి. నెలాఖరు, మార్చి 31, పరీక్ష ఫీజు గడువు, హజ్ కమిటీ కిస్తు గడువు లాంటి రోజుల్లో రద్దీ సహజం. రెండు మూడు రోజుల ముందే కట్టేయండి. ఏప్రిల్ 1న బ్యాంకుల్లో వార్షిక లెక్కల ముగింపు ఉంటుందని గుర్తుంచుకోండి.

రెండు, పాస్‌బుక్ ఎక్కించుకోండి. అప్‌గ్రేడ్ అని మెసేజీ వస్తే ముందు రోజు నిల్వ ఎంతో రాసుకోండి లేదా స్టేట్‌మెంట్ తీసుకోండి. తర్వాత సరిచూసుకోండి. బ్యాంకు చేసే ట్రయల్ బ్యాలెన్సు ఇంట్లో ఇదే.

మూడు, డబ్బు ఇరుక్కుంటే హక్కు తెలుసుకోండి. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20 నాటి సర్క్యులర్ ప్రకారం, ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో కోత పడితే లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోపు బ్యాంకే తిరిగి జమ చేయాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. యూపీఐలో మనిషికి పంపిన డబ్బు మన దగ్గర కోత పడి అవతల చేరకపోతే మర్నాటికల్లా తిరిగి రావాలి, దాటితే అదే 100 రూపాయలు. దుకాణానికి కట్టింది చేరకపోతే గడువు 5 రోజులు. పరిహారం మనం అడగకుండానే ఇవ్వాలి.

నాలుగు, ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఖర్చు లేదు. సమాచారానికి 14448 నంబరు ఉంది.

ఐదు, ‘సర్వర్ అప్‌గ్రేడ్ అవుతోంది, ఓటీపీ చెప్పండి’ అని ఫోను వస్తే పెట్టేయండి. సర్వర్ మార్చడానికి ఖాతాదారుడి ఓటీపీ ఏ బ్యాంకుకూ అక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ ఒక్క మాట మళ్లీ మళ్లీ చెప్పండి.

చదువుకునే పిల్లలకు కూడా ఒక మాట. అందరూ కొత్త కోర్సుల వెంట పోతున్నారు. పాత యూనిక్స్ మిషన్ల నుంచి లైనక్స్‌కు మార్చే పని ఇంకా మిగిలే ఉంది. పాతదీ కొత్తదీ రెండూ తెలిసినవాళ్లు దానికి కావాలి. లైనక్స్ ఉచితం, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. అప్‌టైమ్, సార్, నైస్ లాంటి ఆదేశాలు ఇంట్లోనే నేర్చుకోవచ్చు.

మా అబ్బాజాన్‌కు ఇదంతా గ్రానైట్ ఫ్యాక్టరీ లెక్కలో చెప్పాను. విని, “అయితే క్రేను చూడకుండా మిషన్ కొనకూడదన్నమాట” అన్నారు. ఇప్పుడు కాయలు అమ్మిన రోజే పాస్‌బుక్ ఎక్కించుకుంటున్నారు. కూలీలకు ఇవ్వాల్సిన డబ్బు ఒక రోజు ముందే తీసి ఇంట్లో పెడుతున్నారు.